నల్లోడి మోకాలు నేర్పిన పాఠం: నొప్పికి మందు వేస్తే ప్రకృతి వ్యవసాయం చెడిపోదు



పోయిన వారం వేరుశనగ చేలో ఘనజీవామృతం చల్లే వీడియో పెట్టాను. ఘనజీవామృతం గురించి అడిగినవాళ్ల కంటే, వెనకాల కుంటుకుంటూ నడిచిన మా నల్లోడి గురించి అడిగినవాళ్లే ఎక్కువ. "నువ్వుల నూనె రుద్దు అన్నా", "పసుపు పెట్టు", "వెల్లుల్లి అన్నంలో కలుపు", "మోకాళ్ల నొప్పి బిళ్ల సగం వేయి, తగ్గిపోతుంది" అని తలా ఒక సలహా ఇచ్చారు. ఒకాయన మాత్రం "మీరు పంటకే మందు కొట్టరు, కుక్కకు కూడా వాడొద్దు, ప్రకృతికి వదిలేయండి" అని రాశారు.

ఆ చివరి మాట చదివి చాలాసేపు ఆలోచించాను. ఏడాది కిందట నేను కూడా సరిగ్గా అదే మాట అన్నాను. నేను అన్న మాటకు బాధ పడింది మాత్రం నల్లోడు. అందుకే ఈసారి పంట పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నాను. పైన పెట్టిన వీడియోలో నల్లోడు పొద్దున్నే లేచే తీరు రెండుసార్లు ఉంటుంది. మొదటిది పోయిన చలికాలంలో తీసింది, రెండోది ఈ నెల తీసింది. ముందు అది చూసి, తర్వాత ఇది చదవండి.

మా ఇంట్లో జరిగిన రెండు తప్పులు

నల్లోడు నాటు కుక్క. పదేళ్లు దాటాయి. దానికి రెండేళ్లప్పుడు రోడ్డు మీద బైకు తగిలి కుడి వెనక కాలికి దెబ్బ తగిలింది. నెల రోజులు కుంటింది, దానంతట అదే తగ్గింది, మేము మర్చిపోయాం. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు అడవి పందుల నుంచి మా చేను కాపాడింది అదే. వేరుశనగ కాయ ఊరే రోజుల్లో రాత్రి పంది దిగితే ఎంత నష్టమో ఈ వైపు రైతులకు నేను చెప్పక్కర్లేదు.

పోయినేడు చలి మొదలయ్యాక అది చేను చివరి గట్టు దాకా రావడం మానేసింది. ట్రాలీ ఎక్కమంటే కింద నిలబడి తోక ఊపేది. "ముసలిదైపోయింది పాపం" అనుకున్నాం. తిండి మానలేదు, ఒక్కసారి కూడా కుయ్యిమనలేదు. నొప్పి ఉంటే అరుస్తుంది కదా అనేది మా లెక్క.

కుంటడం బయటికి కనబడ్డాక నేను నా వైద్యం మొదలుపెట్టాను. మాది కట్టె గానుగ. నేనే పట్టిన నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి రుద్దాను, వెచ్చబెట్టిన జిల్లేడు ఆకు కట్టాను. మధ్యలో ఒకసారి మండలంలో పశువుల డాక్టరుకు చూపిస్తే ఏవో బిళ్లలు రాశారు. చీటీ జేబులో పెట్టుకొని వచ్చేశాను. "మన తోటలో రసాయనం లేదు, దీనికెందుకు" అని ఇంట్లో పెద్ద మాట కూడా అన్నాను. అలా ఎనిమిది నెలలు గడిచాయి. రుద్దుతుంటే కదలకుండా పడుకునేది. అదే గుణం కనిపించడం అనుకున్నాను.

మా నాయన ఓపిక పట్టలేకపోయాడు. తనకు మోకాళ్ల నొప్పికి వాడే బిళ్లలో సగం విరిచి, అన్నం ముద్దలో పెట్టి మూడు రోజులు నాకు తెలియకుండా వేశాడు. మొదటి రోజు కుక్క హుషారుగా తిరిగింది. మూడో రోజు వాంతులు. నాలుగో రోజు తారులాంటి నల్లటి విరేచనం, ముద్ద ముట్టలేదు. కారులో వేసుకొని పెద్ద పశువుల ఆసుపత్రికి పరిగెత్తాం. బిళ్లల షీటు చూపిస్తే అది డైక్లోఫెనాక్ అని తేలింది. కడుపులో పుండు పడి రక్తం పోతోందన్నారు. సెలైన్లు పెట్టి, ఇంజెక్షన్లు చేసి బతికించారు.

అక్కడ నేను నాయన మీద గట్టిగా అరిచాను. డాక్టరమ్మ నా మాట మధ్యలోనే ఆపేశారు. "మీ నాన్నగారు వేసింది తప్పు మందే. కానీ దానికి నొప్పి ఉందని ఆయన గుర్తించారు. మీరు ఎనిమిది నెలలు నొప్పే లేదనుకున్నారు కదా" అన్నారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. నాయన చేసింది మూడు రోజుల తప్పు. నాది ఎనిమిది నెలల తప్పు.

అసలు లోపల జరిగేది ఏమిటి

ఎక్స్‌రేలో తేలింది ఆస్టియో ఆర్థరైటిస్, మనం కీళ్ల అరుగుదల అంటామే అది. రెండు ఎముకలు కలిసేచోట చివరలకు నున్నటి మెత్తటి పొర ఉంటుంది, మృదులాస్థి అంటారు. గానుగ రోకలికి, రోలుకి మధ్య నూనె లేకుండా తిప్పితే ఏమవుతుందో ఆలోచించండి. ఆ పొర దెబ్బతిని, కీలు లోపల వాపు వచ్చి, కీలులోని జిగురు పలచబడుతుంది. దాన్ని సరిచేయాలని శరీరం అంచుల్లో ఎముక ముళ్లు పెంచుతుంది. కీలు బిగుసుకుపోతుంది. అరిగిన పొర మళ్లీ మునుపటిలా రాదు. అందుకే దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. అదుపులో పెట్టుకోవడమే మన చేతిలో ఉన్న పని.

కుక్కల్లో ఇది ముసలితనంతోనే వస్తుందనుకోవడం తప్పు. చాలావాటిలో మూలం వేరే ఉంటుంది. పాత దెబ్బ, మోకాలిలో తెగిన లిగమెంటు, పుట్టుకతో సరిగా కుదరని తుంటి కీలు లాంటివి. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ లాంటి పెద్ద జాతుల్లో తుంటి సమస్య ఎక్కువ, వాటిలో వయసులోనే మొదలుకావచ్చు. మా నల్లోడి విషయంలో ఆ బైకు దెబ్బే మూలం. దాని మీద అధిక బరువు తోడయింది.

ఆకును చదివే మనం కుక్కను ఎందుకు చదవలేం

మన పద్ధతిలో మొదటి పాఠం గమనించడం. ఆకు అంచు ముడుచుకుంటే, కింద ఆకు పసుపు తిరిగితే, చెట్టు వాడిపోయేదాకా ఆగం. కుక్క దగ్గర మాత్రం అది అరిచేదాకా ఆగుతాం. ఎప్పుడూ ఉండే నొప్పికి కుక్క అరవదు. పనులు తగ్గించుకుంటుంది, అంతే. కాబట్టి అది ఏం చేయడం మానేసిందో చూడాలి. నేను చూసి కూడా పట్టించుకోని గుర్తులు ఇవి:

- పొద్దున్నే లేదా చాలాసేపు పడుకున్నాక లేచేటప్పుడు బిగుసుకుపోయి, పది అడుగులు వేశాక సర్దుకోవడం. చలిలో, ముసురులో ఇది ఎక్కువవుతుంది.
- ట్రాలీ, అరుగు, మెట్లు ఎక్కడానికి వెనకాడటం. దిగేటప్పుడు ముందు కాళ్ల మీద దబ్బున పడటం.
- పరిగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతడం.
- కూర్చున్నప్పుడు ఒక కాలు పక్కకు చాపేయడం.
- ఒకే కీలును పదే పదే నాకడం. తెల్లటి, లేత రంగు కుక్కల్లో అక్కడ వెంట్రుక ఎర్రగా తిరుగుతుంది.
- ఒక తొడ కండ రెండోదానికంటే సన్నబడటం. రెండు చేతులతో రెండు తొడలూ ఒకేసారి పట్టి చూస్తే తెలిసిపోతుంది.
- గోళ్లు అరగకుండా పెరగడం, లేదా ఒక పాదం గోళ్లు మాత్రమే నేలకు రాసుకుని అరగడం.
- పిల్లలు నడుం మీద చేయి వేస్తే గుర్రుమనడం. మంచి కుక్క ఉన్నట్టుండి కోపిష్టి అయిందంటే ముందు నొప్పిని అనుమానించాలి.

కుంటే ప్రతి కుక్కకూ ఇదే జబ్బని కూడా అనుకోవద్దు. పాదంలో తుమ్మ ముల్లు ఉండొచ్చు. ఒక్కసారిగా కాలు పైకెత్తి కింద పెట్టకపోతే లిగమెంటు తెగి ఉండొచ్చు. జ్వరం, నీరసం, తిండి మానడం, ఒకరోజు ఒక కాలు, ఇంకోరోజు ఇంకో కాలు కుంటడం ఉంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం కావచ్చు. అది మన పొలాల్లో మామూలే, రక్త పరీక్షలో తెలుస్తుంది, దాని మందు వేరు. ఒకే చోట గట్టి వాపు పెరుగుతుంటే ఎముక కణితి కూడా కావచ్చు. వీటిని తేల్చేది డాక్టరు చేయి, ఎక్స్‌రే. వీడియో కింద రాసే సలహాతో తేలదు, నేను రాసే సలహాతో కూడా తేలదు.

రసాయనం అనే ఒక్క మాట సరిపోదు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. "ప్రకృతి రైతువి, రసాయన మందు వేస్తావా" అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది.

చేలో పురుగుమందు ఎందుకు వద్దంటున్నాం? అది చంపాల్సినదాన్నే కాకుండా మిత్రపురుగులను, వానపామును, నీటిని, తినేవాళ్లను దెబ్బతీస్తుంది కాబట్టి. అంటే ఏ పదార్థం, ఎంత, ఎక్కడికి పోతుంది అని మనం అడుగుతున్నాం. మందు దగ్గర కూడా అదే ప్రశ్న అడగాలి. అడగకుండా అన్నింటికీ ఒకే ముద్ర వేస్తే, అది సూత్రం అనిపించుకోదు, బద్ధకం అవుతుంది.

రాబందుల కథే తీసుకోండి. మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోవడానికి కారణం డైక్లోఫెనాక్. పశువుకు నొప్పికి ఆ ఇంజెక్షన్ చేస్తారు, పశువు చనిపోతుంది, కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చస్తుంది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా నిషేధంలోకి వచ్చాయి. రసాయనం అంటే మనకున్న భయానికి ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు. కానీ ఆ కథలో రెండో సగం కూడా ఉంది. డైక్లోఫెనాక్‌కు బదులుగా శాస్త్రవేత్తలు పరీక్షించి, రాబందులకు హాని చేయదని తేల్చింది మెలాక్సికామ్ అనే మందును. అదీ నొప్పి మందే, అదీ రసాయనమే. నల్లోడికి డాక్టరమ్మ రాసింది కూడా అదే. నేను జేబులో పెట్టుకొని వచ్చిన పాత చీటీ తీసి చూస్తే దాని మీదా అదే పేరు.

ఇంకోవైపు, సహజమైనదంతా మంచిదా? మనం కాచే అగ్నిఅస్త్రంలో పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి ఉంటాయి. పురుగుకు విషమనే కదా వేస్తున్నాం. వెల్లుల్లి, ఉల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడతాయి. రోజూ అన్నంలో కలిపితే రక్తహీనత వస్తుంది. కీళ్ల నొప్పులకని కొందరు చెప్పే ముష్టి గింజలో ఉండేది స్ట్రిక్నిన్, కుక్కను మూర్ఛలు తెప్పించి చంపే విషం. నేను కట్టిన జిల్లేడు ఆకు పాలు కుక్క నాకినా, కంట్లో పడినా ప్రమాదమే. నల్లోడికి ఏమీ కాలేదంటే అది నా అదృష్టం.

పసుపు సంగతి. చిటికెడు పసుపుతో హాని ఉండదు కానీ, అది నొప్పి మందు స్థానంలో నిలబడదు. నూనె మర్దనతో కండలకు కాస్త హాయి ఉంటుంది, కీలు లోపలి వాపు తగ్గదు. నూనె అమ్మేవాణ్ణి నేనే ఈ మాట చెప్తున్నాను. నా దగ్గర నువ్వుల నూనె కొనేవాళ్లు వంటకు కొనండి, కుక్క కీళ్ల వైద్యానికని కొనకండి.

ఇప్పుడు మేము చేస్తున్నది

మొదటి మందు బరువు తగ్గించడం. దీంట్లో కూడా తప్పు నాదే. గానుగ దగ్గర పడుకుని వేరుశనగ చెక్క తిని తిని నల్లోడు గుండ్రంగా తయారైంది. "మా కుక్క ఎంత పుష్టిగా ఉందో" అని వీడియోల్లో చూపించుకున్నాను కూడా. కాయల బస్తాలు తూచే కాటా మీద దాన్ని ఎత్తుకొని నిలబడి, నా బరువు తీసేస్తే 27 కిలోలు. ఉండాల్సింది 21, 22. అరిగిన కీలు మీద ఐదారు కిలోలు అదనంగా మోయించాం.

చెక్క పూర్తిగా ఆపేశాం. బూజు పట్టిన వేరుశనగ చెక్కలో ఉండే అఫ్లాటాక్సిన్ కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుందని అప్పుడే తెలిసింది. అన్నం తగ్గించి, ఉడికించిన గుమ్మడి, బీన్స్, ఒక గుడ్డు పెట్టాం. ఐదు నెలల్లో 22కు వచ్చింది. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి పొడుచుకుని కనబడకూడదు, పైనుంచి చూస్తే నడుం సన్నగా ఉండాలి. అదీ కొలత.

అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించారు. 2002లో ఫలితం ప్రచురించారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్ల అరుగుదలకు మందు మొదలుపెట్టాల్సిన వయసు వాటిలో సుమారు మూడేళ్లు వెనక్కి జరిగింది. పైసా ఖర్చు లేని వైద్యం ఇది. మన చెయ్యి ఆగాలి, అంతే.

రెండోది నడక. పూర్తిగా కట్టేస్తే కండ కరిగి కీలు ఇంకా బిగుసుకుంటుంది. వారమంతా కట్టేసి ఆదివారం పందుల వెంట పరిగెత్తించినా అంతే నష్టం. రోజూ రెండుపూటలా పావుగంట చొప్పున మెత్తటి మట్టి బాటలో నడిపిస్తున్నాను. కాలువలో మోకాలి లోతు నీళ్లు ఉంటే అందులో నడిపించడం మంచిది. కానీ ప్లాస్టిక్ షీటు పరిచిన నీటి కుంట దగ్గరికి మాత్రం రానివ్వకండి. జారి లోపల పడితే బాగున్న కుక్కే ఎక్కలేదు, కీళ్లు పోయిన కుక్క అసలు ఎక్కలేదు.

మూడోది పడక. చల్లటి బండల మీద నుంచి మార్చి, గడ్డి మీద రెండు గోనె సంచులు పరిచి గాలి తగలని మూలలో పెట్టాం. ట్రాలీకి పలక వాలుగా వేశాం. గోళ్లు కత్తిరిస్తున్నాం.

నాలుగోది మందు. మెలాక్సికామ్ కుక్క బరువును బట్టి, తిండి తిన్నాకే, డాక్టరు చెప్పిన లెక్కలో. మొదలుపెట్టే ముందు కాలేయం, మూత్రపిండాల రక్త పరీక్ష చేయించారు, మధ్యమధ్యలో మళ్లీ చేస్తున్నారు. దీన్ని ఇంట్లో వేసుకునే వైద్యంగా చేయకండి. మనుషులకు అమ్మే మెలాక్సికామ్ బిళ్ల 7.5, 15 మిల్లీగ్రాములు. ఇరవై కిలోల కుక్కకు రోజూ కొనసాగించే మోతాదు 2 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది. సగం విరిస్తే సరిపోతుందిలే అనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే చూడండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ మన మందుల డబ్బాలోంచి కుక్కకు అసలు వేయకండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్, నొప్పి బిళ్ల రెండూ కలవకూడదు, అందుకే ఇంతకుముందు వేసిన మందులన్నీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. వాంతి, నల్లటి విరేచనం, తిండి మానడం కనిపిస్తే మందు ఆపి వెంటనే ఫోన్ చేయండి.

చేప నూనె కూడా డాక్టరు చెప్పిన కొలతలో ఇస్తున్నాం. అందులో ఉండే ఒమేగా-3 కొవ్వులు కీళ్ల వాపు కొంత తగ్గిస్తాయి. "మన అవిసె గింజల్లో ఒమేగా-3 ఉంది కదా" అని నేనూ అడిగాను. అవిసెలో ఉండే రకాన్ని కుక్క శరీరం పనికొచ్చే రకంగా మార్చుకునేది చాలా తక్కువట. మన పంట కాబట్టి బాగుంటుందనుకున్నా, నిజం అది కాదు.

చివరగా

నల్లోడికి నయం కాలేదు. ఇక రాత్రి కాపలా డ్యూటీ లేదు, దాని పని ఇప్పుడు పిల్ల కుక్క చూసుకుంటోంది. కానీ రెండో వీడియోలో చూశారుగా, లేచి నేరుగా నాయన దగ్గరికి వెళ్తుంది. పొద్దున్నే చేను చివరి గట్టు దాకా మాతో వస్తుంది. ఎనిమిది నెలలు ఆ గట్టు దానికి దూరం చేసింది వయసు కాదు, నా పట్టుదల.

ఆవు పేడ, మూత్రం లేకుండా మన వ్యవసాయం లేదని చెప్తాం. జీవాలతో కలిసి బతకడమే మన పద్ధతి అంటాం. అలాంటప్పుడు ఆ జీవానికి నొప్పి వచ్చినప్పుడు మన బోర్డు మీద రాసుకున్న మాట కాపాడుకోవడం కోసం దాన్ని బాధపెట్టడం న్యాయం కాదు. నేలకు విషం వేయను అన్న మాట మీద నేను గట్టిగానే ఉన్నాను. నొప్పితో ఉన్న కుక్కకు సరైన మందు సరైన కొలతలో వేయడం ఆ మాటకు అడ్డం రాదు.

ఒక్క పని చేయండి. రేపు పొద్దున్నే మీ కుక్క నిద్ర లేచేటప్పుడు ఒక నిమిషం వీడియో తీయండి. ఆసుపత్రిలో బెదిరి చాలా కుక్కలు కుంటడం మానేస్తాయి, డాక్టరుకు ఆ వీడియోనే ఎక్కువ పనికొస్తుంది. అనుమానం ఉంటే ముందు మీ మండల పశువుల ఆసుపత్రిలో చూపించండి. ఎక్స్‌రే కావాలంటే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. చీటీ రాసిస్తే నాలాగా జేబులో పెట్టుకొని రాకండి. ఏ మందు, ఎందుకు, ఎన్నాళ్లు అని అక్కడే నిలబడి అడగండి.

మీ కుక్కల అనుభవాలు, వికటించినవి కూడా, కింద రాయండి. వచ్చే వారం మళ్లీ వేరుశనగ చేలో కలుద్దాం.